ల్యాప్‌టాపులో కార్యాలయపు కంప్యూటరు: క్లయింట్ హైపర్‌వైజరుల పుట్టుక, పనితీరు, ప్రయోజనము

ప్రస్తావన

బెంగుళూరు, చెన్నపట్టణము, హోసూరు, పుణె మొదలగు నగరములలో తరతరములుగా స్థిరపడియున్న తెలుగు కుటుంబములయందు కంప్యూటరు సంస్థలలో ఉద్యోగము చేయు యువతీయువకులు అనేకులు గలరు. పండుగకో పెండ్లికో వారు స్వగ్రామమునకు వచ్చునపుడు సంస్థవారు ఇచ్చిన ల్యాప్‌టాపు కూడ వారి వెంట వచ్చును. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చిన పిమ్మట అనేకులకు ఇల్లే కార్యాలయమైనది. పలువురకు నేటికిని వారములో కొన్ని దినములు అట్లే సాగుచున్నది.

ఈ మార్పువలన సామాన్య గృహస్థునకు సైతము కొన్ని సందేహములు కలుగుచున్నవి. సంస్థకు చెందిన పెట్టెలో మన బిడ్డల ఛాయాచిత్రములు ఉంచుకొనవచ్చునా? ఉద్యోగము మానిన దినమున సంస్థవారు దూరమునుండియే అందలి సమస్తమును తుడిచివేయుదురా? ఊరిలో నెట్‌వర్కు అందని వేళ పని ఎట్లు సాగవలెను? ప్రయాణములో పెట్టె దొంగల పాలైనచో అందలి సంస్థ రహస్యముల గతి యేమి?

ఈ నాలుగు ప్రశ్నలకును ఏకకాలమున సమాధానము చెప్పుటకు ప్రయత్నించిన సాంకేతిక పద్ధతి యొకటి గలదు. ఉద్యోగి ల్యాప్‌టాపు లోపలనే కార్యాలయమునకై ప్రత్యేకముగా మఱొక కంప్యూటరును కల్పించి, దానికి తాళము వేసి, నిర్వహణము మాత్రము సంస్థ చేతిలో ఉంచుటయే ఆ పద్ధతి. దీనికి ఆధారమైన సాధనమును క్లయింట్ హైపర్‌వైజరు అందురు. ఇది ప్రత్యేకమైన సరకుగా సంతలో నిలువలేకపోయినది. కాని దాని మూలసూత్రము నేడు పాఠకులలో అనేకుల ల్యాప్‌టాపులలో వారికి తెలియకుండగనే పనిచేయుచున్నది. ఆ సూత్రమును, దాని చరిత్రను, దాని హద్దులను వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మూడు మార్గములు

సంస్థలు ఉద్యోగులకు కంప్యూటరు సౌకర్యము కల్పించుటకు ముఖ్యముగా మూడు మార్గములు గలవు.

మొదటిది, ల్యాప్‌టాపులోనే ఆపరేటింగ్ సిస్టమును, ఉద్యోగమునకు వలసిన ప్రోగ్రాములను నేరుగా స్థాపించి ఇచ్చుట. ఇది సర్వసాధారణమైన పద్ధతి. ఇందు కష్టమేమనగా, ఒకే తీరున సిద్ధపఱచి ఇచ్చిన అయిదువందల యంత్రములు ఏడాది తిరుగునప్పటికి అయిదువందల తీరులుగా మాఱిపోవును. ఒకరు ఒక ప్రోగ్రామును చేర్తురు. మఱొకరు ఒకదానిని తీసివేయుదురు. ఒకటి చెడినచో బాగుచేయువాడు దానిని మొదటినుండి పరిశీలింపవలసినదే. సంస్థ పత్రములును సొంత పత్రములును ఒకే అరలో కలసిపోవును.

రెండవది, ఉద్యోగి కంప్యూటరును సంస్థవారి సర్వరులోనే నడపి, దాని తెఱపై కనబడు దృశ్యమును మాత్రము నెట్‌వర్కు ద్వారమున ఉద్యోగికి చూపుట. దీనిని వర్చువల్ డెస్క్‌టాప్ పద్ధతి అందురు. పత్రములు సంస్థ భవనమును దాటి పోవు. ల్యాప్‌టాపు పోయినను పోయినది కిటికీయే కాని ఇల్లు కాదు. నిర్వహణము మిక్కిలి సులభము. కాని ఈ పద్ధతికి నెట్‌వర్కు ప్రాణము. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణము చేయును. చెన్నై నుండి న్యూయార్కునకు దూరము 13,000 కిలోమీటర్లకు పైబడియున్నది. అందుచే అక్షరము నొక్కిన వార్త అచ్చటి సర్వరునకు పోయి, దాని దృశ్యము తిరిగి వచ్చుటకు తక్కువ పక్షము 130 మిల్లీసెకనులు పట్టును. నడుమ పరికరములలో కలుగు ఆలస్యము దీనికి అదనము. ఇది ప్రకృతి విధించిన హద్దు. ధనము వెచ్చించి దాటరానిది. సర్వరు సమీపముననే ఉన్నను నెట్‌వర్కు తెగినచో పని నిలిచిపోవును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానును, 2019 మే 3న పూరీ వద్ద తీరము దాటి భువనేశ్వరము వఱకు విద్యుత్తును టెలిఫోనులను స్తంభింపజేసిన ఫణి తుఫానును ఎఱిగిన వారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది ఈ రెంటికిని నడుమ నిలుచును. నిర్వహణము సర్వరు వద్ద, నడక ల్యాప్‌టాపులో. సంస్థవారు ఉద్యోగికి కావలసిన కంప్యూటరును సర్వరువద్ద ఒక ప్రతిగా సిద్ధము చేయుదురు. ఆ ప్రతి ల్యాప్‌టాపులోనికి దిగివచ్చి అచ్చటనే నడచును. ఒకచోట నిర్వహింపబడు వస్తువు ఆ చోటనే నడువవలెనను నియమము లేదు. నిర్వహణమును నడకను వేఱుచేయవచ్చునను ఈ గ్రహింపే ఈ పద్ధతికి జీవము.

హైపర్‌వైజరు అననేమి?

ఒక పెద్ద ఇంటిని రెండు వాటాలుగా విభజించి ఇద్దఱికి అద్దెకిచ్చినట్లు భావింపుడు. పునాది ఒకటి, బావి ఒకటి, విద్యుత్తు ఒకటి. కాని ఎవరి తలుపు వారిది, ఎవరి వంట వారిది. ఒకరి వాటాలోని వస్తువు మఱొకరికి కనబడదు. నీరు ఎవరికి ఎంత, విద్యుత్తు ఎవరికి ఎంత అను లెక్క ఇంటి యజమాని చేతిలో ఉండును. కంప్యూటరునందు ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అను వనరులను ఇట్లే పంచి, ఒక్కొక్క వాటాను ఒక్కొక్క సంపూర్ణ కంప్యూటరువలె భ్రమింపజేయు ప్రోగ్రామే హైపర్‌వైజరు. అట్టి వాటాను వర్చువల్ మెషీను అని నిపుణులు వ్యవహరింతురు. ఈ వ్యాసమున దానిని కల్పిత యంత్రమని పిలుతును. కల్పిత యంత్రములో నడచు విండోసుగాని లినక్సుగాని తాను అసలైన యంత్రముపైననే ఉన్నట్లు తలచును.

హైపర్‌వైజరులు రెండు విధములు. మొదటి తరగతికి చెందినది నేరుగా యంత్రముపైననే కూర్చుండును. దానిపైన కల్పిత యంత్రములు నిలుచును. ఇది పునాదినుండియే రెండు వాటాలుగా కట్టిన ఇంటి వంటిది. రెండవ తరగతికి చెందినది, అదివఱకే ఉన్న ఆపరేటింగ్ సిస్టముపై ఒక సామాన్య ప్రోగ్రామువలె నడచును. ఇది ఒకరి వాటాలోనే ఒక గదిని తడికతో అడ్డుకట్టి మఱొకరికి ఇచ్చినట్లు. రెండవ తరగతి సాధనమును స్థాపించుట సులభము. కాని గది భద్రత ఆ వాటాదారుని మంచితనముపై ఆధారపడును. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు చరిత్ర అంతయు దీనిపైననే నడచినది.

పూర్వచరిత్ర

ఈ భావము ల్యాప్‌టాపులతో పుట్టినది కాదు. ఐ.బి.ఎం. సంస్థవారు అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున నెలకొల్పిన శాస్త్రకేంద్రములో సీపీ-40 అను వ్యవస్థ 1967లో పనిచేయ నారంభించినది. ఒకే పెద్ద కంప్యూటరును పలువురు వాడుకొనుచు, ఒక్కొక్కరు తమకు ప్రత్యేకముగ ఒక యంత్రమున్నట్లు అనుభవించుట దాని లక్ష్యము. దాని సంతతియైన వీఎం/370 అను వ్యవస్థను 1972లో ఆ సంస్థ లోకమునకు ప్రకటించినది. ఆ కాలమున ఆపరేటింగ్ సిస్టము హృదయభాగమును సూపర్‌వైజరు అనుచుండిరి. దానికిని పైవాడు కావున హైపర్‌వైజరు అను పేరు ఏర్పడినది.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను ఇరువురు విద్వాంసులు ఇట్టి వ్యవస్థకు ఉండవలసిన మూడు లక్షణములను నిర్వచించిరి. కల్పిత యంత్రములో ప్రోగ్రాము నడచు తీరు అసలు యంత్రములో నడచు తీరునకు భిన్నముగ ఉండరాదు. వనరులపై సంపూర్ణాధికారము హైపర్‌వైజరుకే ఉండవలెను. అధికభాగము ఆదేశములు దాని జోక్యము లేకయే ప్రాసెసరుపై నేరుగ నడువవలెను. ఇవి నేటికిని ప్రమాణములుగా ఉన్నవి.

మన బల్లలపైకి వచ్చిన చిన్న కంప్యూటరుల ప్రాసెసరులు ఈ నియమములకు లొంగునవి కావు. యజమాని అనుమతి అవసరమైన ఆదేశమును అద్దెదారు ఇచ్చినపుడు ప్రాసెసరు యజమానిని హెచ్చరింపవలెను. కొన్ని ఆదేశముల విషయమున అది హెచ్చరింపక, పొరపాటు ఫలితమును నిశ్శబ్దముగ ఇచ్చుచుండెను. 2000లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ఇంటెల్ పెంటియం ప్రాసెసరునందు అట్టి ఆదేశములు 17 ఉన్నట్లు తేలినది. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థవారు అట్టి ఆదేశములను ప్రోగ్రాము నడచుచుండగనే కనిపెట్టి, వేఱు ఆదేశములుగ మార్చు ఉపాయముతో ఈ చిక్కును దాటి, 1999లో వర్క్‌స్టేషన్ అను రెండవ తరగతి సాధనమును విడుదల చేసిరి. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు జెన్ అను మొదటి తరగతి హైపర్‌వైజరును వెలువరించిరి. 2005లో ఇంటెల్, 2006లో ఏ.ఎం.డి. తమ ప్రాసెసరులలోనే కల్పిత యంత్రములకు సహాయక సౌకర్యములు చేర్చిరి. అంతటితో పెద్ద సర్వరులకే పరిమితమైన విద్య చేతిపెట్టెకు అందినది.

పనిచేయు విధానము

క్లయింట్ హైపర్‌వైజరు పద్ధతిలో కార్యాలయపు కంప్యూటరు ఎట్లు తయారగునో, ఎట్లు ప్రయాణము చేయునో ఇప్పుడు చూతము.

మొదట సంస్థవారు ఒక మాతృకను సిద్ధము చేయుదురు. తాళపత్ర గ్రంథములకు మాతృక ఎట్టిదో ఇదియు అట్టిదే. ఆపరేటింగ్ సిస్టము, దాని సవరణలు, అందఱికిని వలసిన ప్రోగ్రాములు అన్నియు అందుండును. దానినుండి ప్రతులు ఉద్యోగుల ల్యాప్‌టాపులలోనికి పోవును. చక్కగా నిర్మించిన వ్యవస్థలో ప్రతి ఒకే ముద్దగా ఉండక పొరలుగా ఉండును. అడుగున ఆపరేటింగ్ సిస్టము, దానిపై ప్రోగ్రాములు, అన్నిటికిని పైన ఉద్యోగి సొంత అమరికలును పత్రములును. మాతృకలో మార్పు వచ్చినపుడు అడుగు పొర మాఱును. పై పొర చెక్కు చెదరదు. అడుగు పొరకు వైరసు సోకినను, మఱొక విధముగ చెడినను, యంత్రమును తిరిగి ప్రారంభించినంతనే స్వచ్ఛమైన ప్రతి మరల లేచును. మొదటి మార్గమున చెప్పిన అయిదువందల తీరుల చిక్కు ఇచ్చట తీఱిపోవుచున్నది.

ప్రతిని మొదటిసారి దింపుటకు కాలము పట్టును. 40 గిగాబైట్ల ప్రతిని సెకనుకు 20 మెగాబిట్లు మోయు తంతిపై దింపుటకు 16,000 సెకనులు, అనగా నాలుగున్నర గంటలకు కొంచెము తక్కువ కావలెను. అందుచే తొలి ప్రతిని కార్యాలయములోనే నింపి ఇచ్చుట మేలు. పిమ్మట మార్పులు మాత్రమే ప్రయాణము చేయును. 500 మెగాబైట్ల మార్పు అదే తంతిపై 200 సెకనులలో దిగును. ఉద్యోగి వ్రాసిన పత్రములును ఇట్లే మార్పుల రూపమున సర్వరునకు చేరుచుండును. నెట్‌వర్కు లేని వేళ మార్పులు పేరుకొనియుండి, అది దొరకినపుడు బయలుదేరును. ల్యాప్‌టాపు పగిలినను సర్వరుకు చేరినంత మేర పని భద్రము; మఱొక ల్యాప్‌టాపులోనికి ఆ యంత్రమును దింపుకొని సాగవచ్చును.

కొన్ని వ్యవస్థలు గ్రంథాలయ పద్ధతిని అనుసరించినవి. వీఎంవేర్ వారు 2010లో తమ వ్యూ అను సాధనములో లోకల్ మోడ్ అను సౌకర్యమును కల్పించిరి. గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొని పోయినట్లు ఉద్యోగి తన కల్పిత యంత్రమును సర్వరునుండి ల్యాప్‌టాపులోనికి తీసికొనిపోవును. అది తిరిగి వచ్చువఱకు సర్వరుననున్న ప్రతికి తాళము పడియుండును. ఒకే యంత్రము రెండుచోట్ల నడచి రెండు తీరులుగా మాఱకుండుటకు ఈ నియమము.

తాళము విషయము మఱింత ముఖ్యము. కల్పిత యంత్రము డిస్కుపై ఒక ఫైలుగానో కొన్ని ఫైళ్లుగానో ఉండును. ఫైలును నకలు తీయుట ఎవరికైన సాధ్యమే. కావున దానిని రహస్యలిపిలోనికి మార్చి ఉంచెదరు. తాళపుచెవిని ల్యాప్‌టాపులోని టీపీఎం అను భద్రతా చిప్పుకు ముడిపెట్టినచో, ఫైలును వేఱొక యంత్రమునకు తరలించినను అది తెఱచుకొనదు. ల్యాప్‌టాపు పోయినదని తెలిసినపుడు సంస్థవారు తుడిచివేత ఆజ్ఞను పంపుదురు. ఆ ఆజ్ఞ చేరుటకు నెట్‌వర్కు కావలెను కదా! దొంగ నెట్‌వర్కుకు తగిలింపకయే ఉంచినచో? దీనికై గడువు విధింతురు. నిర్ణీత దినములలోపల ఒకసారియైన సర్వరును పలుకరింపని యంత్రము తనంతట తాను నిద్రించును. గడువు మిక్కిలి తక్కువైనచో తుఫాను ప్రాంతమున ఉన్న ఉద్యోగి పని చెడును. మిక్కిలి ఎక్కువైనచో దొంగకు అవకాశము పెరుగును. ఎన్ని దినములన్నది యంత్రము చెప్పజాలదు. సంస్థవారు తమ వారి జీవనస్థితినిబట్టి నిర్ణయించుకొనవలెను.

ప్రత్యేక సరకుగ ఏల నిలువలేదు?

2009, 2010 సంవత్సరములలో ఈ పద్ధతిపై గొప్ప ఆశలు ఉండెను. సిట్రిక్స్ సంస్థ ఇంటెల్ వారితో కలసి జెన్ ఆధారముగ జెన్‌క్లయింట్ అను మొదటి తరగతి హైపర్‌వైజరును 2010లో వెలువరించినది. 2012లో, ఇదే పనికై నెక్స్‌టాప్ అను సాధనమును నిర్మించిన వర్చువల్ కంప్యూటర్ సంస్థను కొని, దానిని తన సాధనముతో కలిపినది. వీఎంవేర్ సంస్థయు మొదటి తరగతి క్లయింట్ హైపర్‌వైజరును తెత్తునని 2009లో ప్రకటించినది కాని, అది సరకుగ వెలువడలేదు; పైన చెప్పిన లోకల్ మోడ్ రెండవ తరగతికి చెందినదే, దానిని సైతము తరువాతి సంచికలలో తొలగించిరి. జెన్‌క్లయింట్ కూడ ఆ దశాబ్దము ముగియక మునుపే నిలిచిపోయినది. దాని భద్రతా శాఖ మాత్రము 2014లో ఓపెన్‌ఎక్స్‌టీ అను పేర అందఱికిని బహిరంగమైనది.

ఈ పరిణామమునకు కారణములు తెలిసికొనదగినవి.

మొదటిది, ల్యాప్‌టాపుల వైవిధ్యము. సర్వరు ఒకచోట కూర్చుండి ఒకే పని చేయును. ల్యాప్‌టాపు నిద్రించును, మేల్కొనును, బ్యాటరీపై నడచును, వైఫై మార్చును, సభలో ప్రొజెక్టరుకు తగులుకొనును, కెమెరా, వేలిముద్ర యంత్రము, చిత్రములకు ప్రత్యేకమైన ప్రాసెసరు దానికి అవయవములు. సంవత్సరమునకు వందల కొలది క్రొత్త నమూనాలు వెలువడును. నేరుగ యంత్రముపై కూర్చుండు హైపర్‌వైజరు ఈ అవయవములన్నిటి భాషను తానే నేర్చుకొనవలెను. విండోసుకైనచో తయారీదారులు తామే ఆ పని చేసి ఇచ్చెదరు. క్రొత్తగా వచ్చిన చిన్న హైపర్‌వైజరుకు ఎవరు చేయుదురు? తొలి జెన్‌క్లయింట్ ఇంటెల్ వీప్రో తరగతికి చెందిన కొన్ని నమూనాలపై మాత్రమే నడచినది. ఉన్న ల్యాప్‌టాపులను పాఱవైచి క్రొత్తవి కొనుడనుట ఏ సంస్థకును రుచించునది కాదు.

రెండవది, వనరుల కొఱత. ఆనాటి సామాన్య ల్యాప్‌టాపులో 2 లేక 4 గిగాబైట్ల మెమరీ ఉండెను. దానిని రెండు వాటాలు చేసినచో ఇద్దఱికిని ఇఱుకే. రెండు ఆపరేటింగ్ సిస్టములు నడచినచో రెంటికిని సవరణలు కావలెను, అనుమతి రుసుములు కావలెను, వైరసు కావలి కావలెను.

మూడవది, పని స్వభావమే మాఱుట. ఉత్తరములు, లెక్కలు, సెలవుచీటీలు అన్నియు క్రమముగ బ్రౌజరులోనికి చేరినవి. బ్రౌజరులో జరుగు పనికి సంపూర్ణమైన రెండవ కంప్యూటరును మోయనేల? దీనికి తోడు డిస్కునంతను రహస్యలిపిలో ఉంచుట, దూరమునుండి ల్యాప్‌టాపును నిర్వహించుట మొదలగు సౌకర్యములు విండోసులోనే లభించినవి. హైపర్‌వైజరు చేయుదునన్న పనులలో సగము వేఱు విధమున నెఱవేఱినవి.

నేటి స్థితి

సరకు నిలువలేదు కాని సూత్రము నశింపలేదు. అది ఆపరేటింగ్ సిస్టము అడుగునకు దిగిపోయినది.

2012లో వచ్చిన విండోస్ 8 ఉన్నత శ్రేణులలో మైక్రోసాఫ్ట్ వారు తమ సర్వరుల హైపర్‌వైజరైన హైపర్-వీ సాధనమును చేర్చిరి. దీనిని మేల్కొల్పినపుడు హైపర్‌వైజరు అడుగున చేరి, అదివఱకు యంత్రముపై నేరుగ నిలిచిన విండోసు తానే ఒక వాటాదారుగ మాఱును. అవయవముల భాష తెలిసిన విండోసే ఆ బాధ్యతను వహించుటచే జెన్‌క్లయింట్ వంటి వానిని బాధించిన వైవిధ్యపు చిక్కు ఇచ్చట లేదు. 2015లో వచ్చిన విండోస్ 10 మొదలుకొని, ఉద్యోగి ప్రవేశ రహస్యములను విండోసుకు కూడ అందని ప్రత్యేక కోష్ఠములో దాచుటకు ఇదే హైపర్‌వైజరును వినియోగించుచున్నారు. 2021లో వెలువడిన విండోస్ 11తో వచ్చు అనేక క్రొత్త ల్యాప్‌టాపులలో ఈ రక్షణ మొదటినుండియే పనిచేయుచుండును. 2019లో చేర్చిన విండోస్ శాండ్‌బాక్స్ అను సౌకర్యముతో, అనుమానాస్పదమైన ప్రోగ్రామును తాత్కాలికమైన కల్పిత యంత్రములో నడపి చూచి, కిటికీ మూసినంతనే జాడలేకుండ చేయవచ్చును.

ఇంకొక శాఖ భద్రతవైపు సాగినది. 2012లో తొలి సంచిక వెలువడిన క్యూబ్స్ అను ఆపరేటింగ్ సిస్టము జెన్ ఆధారముగ కార్యాలయపు పనికి, సొంత పనికి, అపరిచిత స్థలములకు వేఱు వేఱు కల్పిత యంత్రములను ఏర్పఱచి, కిటికీల అంచులకు వేఱు వేఱు రంగులు వేయును. 2010లో స్థాపితమైన బ్రోమియం సంస్థ, వచ్చిన ప్రతి అనుమానాస్పద పత్రమును దానికై పుట్టి దానితో నశించు చిన్న కల్పిత యంత్రములో తెఱచు పద్ధతిని నిర్మించినది. 2019లో హెచ్.పి. సంస్థ దానిని కొని తన ల్యాప్‌టాపుల రక్షణలో చేర్చుకొన్నది.

రెండవ తరగతి సాధనములును చవుకైనవి. వర్చువల్‌బాక్స్ మూలభాగము 2007 నుండి బహిరంగముగ లభించుచున్నది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుండి వాణిజ్య వినియోగమునకు సైతము రుసుము లేకయే లభించుచున్నది. ఆపిల్ వారి యంత్రములపై ఒక హెచ్చరిక గలదు. 2020 నుండి వారు ఇంటెల్ ప్రాసెసరులను విడిచి తమ సొంత ప్రాసెసరులను వాడసాగిరి. హైపర్‌వైజరు వాటాలు పంచును కాని ప్రాసెసరు భాషను మార్చదు. ఇంటెల్ ప్రాసెసరుకై సిద్ధము చేసిన పాత కల్పిత యంత్రము క్రొత్త ఆపిల్ యంత్రముపై యథాతథముగ నడువదు.

హద్దులు, జాగ్రత్తలు

కల్పిత యంత్రము అభేద్యమైన కోట యని భ్రమింపరాదు. రెండవ తరగతి పద్ధతిలో అడుగున ఉన్న ఆపరేటింగ్ సిస్టమునకు వైరసు సోకినచో, అది మీటల నొక్కును గమనింపగలదు, తెఱను చిత్రము తీయగలదు. లోపలి గదికి ఎంత గట్టి తాళమున్నను, వాటాదారుడే దొంగయైనచో లాభము లేదు. అందుచే కార్యాలయపు భాగము అడుగుననుండి, సొంత వ్యవహారములు లోపలి గదిలో ఉండుట భద్రతకు మేలు. సంస్థలు సౌలభ్యము కొఱకు తఱచు దీనికి విరుద్ధముగ చేయుచుండును.

హైపర్‌వైజరునందును లోపములు ఉండును. 2015 మేలో వెనమ్ అను పేర బయలుపడిన లోపము దీనికి నిదర్శనము. కల్పిత యంత్రములకు ఎవరును వాడని ఫ్లాపీ డిస్కు పరికరమును సైతము కల్పించి ఇచ్చు ప్రోగ్రాము భాగములో ఆ తప్పు 2004 నుండియు దాగియుండెను. దాని మూలమున జెన్, కేవీఎం వంటి హైపర్‌వైజరులపైనున్న అతిథి తన గోడను దాటి యజమాని ఇంటిలోనికి చొరబడు అవకాశము కలిగెను. అక్కఱలేని తలుపును మూసివేయవలెనని, హైపర్‌వైజరుకును సవరణలు క్రమముగ వేయవలెనని దీనివలన తెలియుచున్నది.

గోడకు మనమే కన్నములు పెట్టుట మఱొక ప్రమాదము. లోపలి వ్రాతను నకలు తీసి వెలుపల అంటించుట, రెండు వాటాలకును ఉమ్మడి ఫోల్డరు ఏర్పఱచుకొనుట, పెన్‌డ్రైవును ఇరువైపుల వాడుట అను సౌకర్యములను తెఱచియుంచినచో వేఱుపాటు పేరునకు మాత్రమే మిగులును.

ఇక ఎవరికి ఇది యుక్తము? పలు ఆపరేటింగ్ సిస్టములపై తమ ప్రోగ్రాములను పరీక్షించువారికి, పాత విండోసుపైననే నడచు లెక్కల ప్రోగ్రామును విడువలేని చిన్న వర్తకులకు, సొంత ల్యాప్‌టాపుపై కొలది మాసములు పనిచేయు ఒప్పంద ఉద్యోగులకు, నెట్‌వర్కు నిలుకడలేని చోట పనిచేయువారికి ఇది ఉపయుక్తము. పాత విండోసును ఇట్లు ఉంచుకొనువారు దానిని నెట్‌వర్కునుండి విడదీసి ఉంచుట క్షేమము. పనియంతయు బ్రౌజరులోనే జరుగువారికిని, 8 గిగాబైట్ల మెమరీతో సరిపెట్టుకొనువారికిని దీనివలన ప్రయోజనము కంటె భారమే అధికము.

ఉపసంహారము

మొదట వేసికొన్న నాలుగు ప్రశ్నలకు ఇప్పుడు సమాధానములు చెప్పవచ్చును. వాటాలు విడిగ ఉన్నచో బిడ్డల ఛాయాచిత్రములకు సొంత వాటాలో చోటుండును. వాటాలు లేని సంస్థ ల్యాప్‌టాపులో వానిని ఉంచకుండుటయే మంచిది. తుడిచివేత ఆజ్ఞ కార్యాలయపు వాటాకు మాత్రమే వర్తించునట్లు ఏర్పాటు చేయవచ్చును. వాటాలు లేనిచోట అది సమస్తమునకు వర్తింపగలదు. నెట్‌వర్కు లేకున్నను పని సాగును. అయితే గడువు లోపలనే. పెట్టె పోయినచో రహస్యలిపి కాపాడును. తాళపుచెవి ఆ చిప్పులోనే భద్రముగ ఉన్నంత వఱకు.

కావున సంస్థవారు ల్యాప్‌టాపు ఇచ్చునపుడు మన యువకులు అడిగి తెలిసికొనవలసిన విషయములు ఇవి: ఇందు వాటాలు గలవా? సంస్థ చూపు ఎంతవఱకు ప్రసరించును? తుడిచివేత దేనికి వర్తించును? సర్వరును పలుకరింపక ఎన్ని దినములు గడపవచ్చును? పత్రముల నకలు సర్వరునకు ఎప్పుడెప్పుడు చేరును? వీనిని ఉద్యోగమున చేరు దినముననే అడుగుట మంచిది. విడుచు దినమున అడిగి ప్రయోజనము లేదు.

ఇంట తెలుగును, వీధిలో తమిళమునో కన్నడమునో ఒడియానో మాటలాడుచు, రెంటిని కలగాపులగము చేయక తరములు గడపిన వారికి, ఒకే పెట్టెలో రెండు సంసారములను వేఱువేఱుగ నడపుటలోని ఔచిత్యము క్రొత్తగా బోధింపనక్కఱలేదు. ఇంటి హద్దు ఇంటిది, కార్యాలయపు హద్దు కార్యాలయముది. ఆ హద్దు యంత్రములో ఎచ్చట గీయబడినదో తెలిసికొనియుండుట మాత్రము నేటి కాలమున ప్రతి గృహస్థునకు అవసరము.